అది ఆల్ఫెలియన్ కాదండి, అపహేళి

ఎడిటర్ గారికి నమస్కారం అండి.

నేను కంచరపాలెంలో ఇంటి దగ్గరే ట్యూషన్లు చెప్తాను, ఎనిమిది నుంచి పది దాకా గవర్నమెంట్ స్కూల్ పిల్లలు, సోషలూ సైన్సూ రెండూ నేనే చెప్పుకుంటాను. మీ పేపర్ మా ఇంటికి మా మావయ్యగారి టైం నుంచీ వస్తోంది, ట్యూషన్లో పిల్లల చేత రోజూ ఒక వార్త పైకి చదివిస్తాను, అలా చదివిస్తే తెలుగు తడుముకోకుండా వస్తుందని నా నమ్మకం. మొన్న జూలై మొదటి వారంలో లోపలి పేజీలో చిన్న బాక్సు కట్టి "నేడు ఆల్ఫెలియన్, సూర్యుడికి దూరంగా భూమి" అని వేశారు. చదివిన పిల్ల ఆగిపోయి "మేడం, మీరు బోర్డు మీద అపహేళి అని రాశారు కదా, ఇదేటి వేరే పేరుంది" అని అడిగింది. అందుకే ఈ ఉత్తరం. కొంచెం పెద్దదే అవుతుంది, ముందే చెప్తున్నాను, కానీ ఈ మాట గురించి చెప్పాల్సింది అంత ఉంది.

ముందు ఆ స్పెల్లింగ్ సంగతి. ఆల్ఫెలియన్ అనే మాట ఏ సైన్సు పుస్తకంలోనూ లేదండి. వాట్సాప్‌లో ప్రతి జూలైకి ఒక ఫార్వర్డ్ తిరుగుతుంది చూడండి, రేపు తెల్లారుజామున 5 గంటల 27 నిమిషాలకి ఆల్ఫెలియన్ మొదలవుతుంది, ఆగస్టు దాకా ఉంటుంది, చలి పెరిగిపోద్ది, జ్వరాలూ దగ్గూ ఆయాసం వస్తాయి, అందరూ జాగ్రత్త అని, ఆ తప్పు స్పెల్లింగ్ దాన్లోంచి వచ్చింది. అసలు మాట ఇంగ్లీషులో ఎఫీలియన్ అనో ఏప్‌హీలియన్ అనో పలుకుతారు, ఫ కి ముందు ల్ అనే శబ్దమే లేదు. మీ వార్తలో జ్వరాల గురించి రాయలేదు, అది సంతోషం, భయపడక్కర్లేదని కూడా రాశారు, కానీ పేరు మాత్రం ఆ ఫార్వర్డ్‌లోదే పడిపోయింది. మనకి స్కూల్ పుస్తకాల్లో, గ్రూప్స్‌కీ డీఎస్సీకీ చదివే గైడ్లలో ఎప్పట్నుంచో ఉన్న మాట అపహేళి. దాని జంట పరిహేళి. సూర్యుడికి భూమి అన్నిటికన్నా దగ్గరగా వచ్చే చోటు పరిహేళి, జనవరి 2 నుంచి 5 లోపు ఏదో ఒక రోజు వస్తుంది. అన్నిటికన్నా దూరంగా వెళ్ళే చోటు అపహేళి, జూలై 3 నుంచి 7 లోపు. ప్రతి ఏడూ ఒకే తేదీకి ఎందుకు రాదంటే లీపు సంవత్సరం వల్ల కొంత, చంద్రుడు భూమిని కొంచెం అటూ ఇటూ లాగుతుంటాడు కాబట్టి కొంత.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. మా పిల్లల పుస్తకాలు ఇప్పుడు రెండు భాషల్లో వస్తున్నాయి కదా, ఒక పేజీ ఇంగ్లీషు, ఎదురు పేజీ తెలుగు. ఇటు పెరిహీలియన్, అటు పరిహేళి. పక్కపక్కనే చూసిన పిల్లలకి వెంటనే వచ్చే అనుమానం ఏంటంటే తెలుగువాళ్ళకి మాట దొరక్క ఇంగ్లీషు మాటనే కొంచెం వంచి తెలుగు అక్షరాల్లో రాసేసుకున్నారు అని. తొమ్మిదో తరగతి పిల్లాడు ఒకడు ఆ మాట పైకే అనేశాడు, "మేడం, ఇది కాపీ కదా" అని. ఇంకో పిల్ల హేళి అంటే హేళన చెయ్యడమా అని అడిగింది. ఇద్దరూ మంచి ప్రశ్నలే వేశారు, ఎందుకంటే హేళి అనే మాట ఇప్పుడు మన నోళ్ళలో విడిగా ఎక్కడా లేదు, ఆ రెండు మాటల చివర అతుక్కుని మాత్రమే బతుకుతోంది. కాపీ అన్న మాట మాత్రం నాకు గుచ్చుకుంది, ఎందుకంటే అది నిజం కాదు, దాని వెనక ఉన్న నిజం చాలా అందంగా ఉంటుంది.

హేళి అంటే సూర్యుడు. మన పాత నిఘంటువులు తీసి చూడండి, సూర్యుడికి ఉన్న బోలెడన్ని పేర్లలో అదీ ఒకటి. సంస్కృతంలో హేలి, తెలుగులోకి వచ్చేసరికి ల కాస్తా ళ అయింది, కలా అనేది కళ అయినట్టు, కాలీ అనేది కాళి అయినట్టు. ఉజ్జయినికి చెందిన వరాహమిహిరుడు 6వ శతాబ్దంలో రాసిన బృహజ్జాతకంలో గ్రహాలకి పేర్లు చెప్పే చోట హేలి అంటే సూర్యుడు అని మొదలుపెట్టాడు. అదే చోట కుజుడికి ఆర అని, శనికి కోణ అని, శుక్రుడికి ఆస్ఫుజిత్ అని కూడా పేర్లు ఇచ్చాడు. ఇవి వినడానికి సంస్కృతంలాగే ఉన్నా నిజానికి గ్రీకు పేర్లండి. ఆర అంటే వాళ్ళ ఏరీస్, కోణ అంటే క్రోనస్, ఆస్ఫుజిత్ అంటే ఆఫ్రొడైటీ, హేలి అంటే హీలియోస్. అంటే లండన్‌లో ఇంగ్లీషు పుస్తకాలు అచ్చవ్వడానికి కొన్ని వందల ఏళ్ళ ముందే ఈ మాట గ్రీకు నుంచి మన దేశానికి వచ్చి, మన శ్లోకంలో కూర్చుని, మన నిఘంటువు ఎక్కేసింది. ఇంగ్లీషు మనకి ఇచ్చిందేమీ లేదు ఇక్కడ. ఇంగ్లీషువాళ్ళూ మనమూ ఒకే ఇంటి నుంచి విడివిడిగా తెచ్చుకున్నాం, తేడా ఏంటంటే మనం చాలా ముందు తెచ్చుకున్నాం.

యవనులు, అంటే గ్రీకులు, మ్లేచ్ఛులే అయినా ఈ జ్యోతిష శాస్త్రం వాళ్ళ దగ్గర బాగా ఉంది కాబట్టి వాళ్ళని కూడా ఋషుల్లాగే గౌరవిస్తారు అని బృహత్సంహితలో ఉంది. పిల్లలకి ఇది చెప్తే ఆశ్చర్యపోయారు. ఇంకో ముక్క కూడా చెప్పాను, మనం రోజూ వాడే కేంద్రం అనే మాట, మండల కేంద్రం, పరీక్షా కేంద్రం, మీసేవ కేంద్రం, ఇదీ గ్రీకు కెంట్రాన్ నుంచి వచ్చిందే. జాతకాల్లో హోర వాళ్ళదే. లిప్తపాటులో జరిగిపోయింది అంటాం చూడండి, ఆ లిప్త కూడా కోణాన్ని భాగాలు చేసే గ్రీకు మాట నుంచే వచ్చింది. వీటిని ఎవరూ కాపీ అనరు, హేళిని మాత్రం అంటున్నాం, అది మన నాలుక మీద ఆడట్లేదు కాబట్టి.

ఇంకా లోతుకి వెళ్తే గ్రీకు హీలియోసూ మన సూర్యుడూ ఒకే మూలం నుంచి పుట్టిన మాటలు. చాలా పాత కాలంలో మాట మొదట్లో ఉన్న స అనే శబ్దం గ్రీకులో హ అయిపోయింది. మన సప్త వాళ్ళకి హెప్టా, అందుకే ఏడు భుజాల బొమ్మ హెప్టగాన్ అయింది. పర్షియన్‌లో కూడా ఇలాగే, సప్త అక్కడ హఫ్త్, సింధు అక్కడ హిందు. అలా చూస్తే సూర్య, హేళి అనేవి అన్నదమ్ములు, ఒకడు ఇంటి దగ్గరే ఉండిపోయాడు, ఇంకొకడు దేశాలు తిరిగి వేషం మారి మళ్ళీ ఇంటికే వచ్చాడు. పరి, అప కూడా అంతే. మన పరిక్రమలో ఉన్న పరి గ్రీకు పెరికి చుట్టం. మన అపహరణలో, అపసవ్యంలో ఉన్న అప, దూరంగా, పక్కకి అనే అర్థంలో, గ్రీకు అపోకి చుట్టం. కాబట్టి పరిహేళి అనే మాటలో రెండు ముక్కలకి రెండు ముక్కలూ ఆ గ్రీకు మాటకి సరిగ్గా అతికినట్టు సరిపోయాయి, శబ్దంలోనూ అర్థంలోనూ. ఇలాంటి జోడీ వెతికినా దొరకదు. ఈ మాట కట్టినవాళ్ళకి చేతులెత్తి దణ్ణం పెట్టాలనిపిస్తుంది నాకైతే.

ఆ గ్రీకు ముక్కలతో ఆ జంట మాటలు తయారుచేసింది జర్మనీ ఖగోళ శాస్త్రవేత్త కెప్లర్. అంతకు ముందు 2వ శతాబ్దంలో అలెగ్జాండ్రియాలో ఉన్న టాలెమీ పద్ధతిలో అన్నీ భూమి చుట్టూనే తిరిగేవి కాబట్టి భూమికి దగ్గర చోటు, భూమికి దూరం చోటు అనే అర్థంలో పెరిజీ, అపోజీ లాంటి మాటలుండేవి, జీ అంటే గ్రీకులో భూమి. ఇప్పటికీ చంద్రుడికీ శాటిలైట్లకీ అవే వాడతాం. 1543 లో కోపర్నికస్ పుస్తకం సూర్యుణ్ణి మధ్యలో పెట్టేసింది. ఇక గ్రహాల విషయంలో భూమికి దూరం అంటే అర్థం లేదు, కాబట్టి కెప్లర్ పాత మాటల్లోంచి భూమిని తీసేసి ఆ జాగాలో సూర్యుణ్ణి పెట్టాడు. మాటలో ఒక్క ముక్క మారింది కానీ దాని వెనక ప్రపంచం మొత్తం మారింది. 1609 లో ఆయనే గ్రహాలు గుండ్రంగా కాదు దీర్ఘవృత్తంలో తిరుగుతాయి, సూర్యుడు దాని నాభి దగ్గర, అంటే నట్టనడుమ కాకుండా కాస్త పక్కనుండే బిందువు దగ్గర, ఉంటాడు అని కుజుడి లెక్కలతో చూపించాడు. అపో, హీలియోస్ కలిపినప్పుడు ప పక్కన హ చేరి ఫ అయింది. మన వర్ణమాలలో ఫ అసలు ఉచ్చారణ కూడా ప కి హ చేర్చిందే కదా, అందుకని మన పిల్లలకి ఇది ఇట్టే అర్థమైపోతుంది, బోర్డు మీద అప ప్లస్ హేళి అని రాసి ఫ చూపిస్తే చాలు.

మరి మనవాళ్ళకి సొంత మాట లేదా అంటే ఉంది, మందోచ్చ. సూర్యసిద్ధాంతం అనే మన పాత ఖగోళ గ్రంథంలో గ్రహాల నడక ఎందుకు ఎక్కువ తక్కువలవుతుందో చెప్తూ, శీఘ్రోచ్చ, మందోచ్చ, పాతం అని కంటికి కనబడని కాలస్వరూపాలున్నాయి, అవి గ్రహాల్ని గాలి తాళ్ళతో కట్టి లాగుతుంటాయి అని రాశారు. గాలి తాళ్ళు అనే ఊహ నాకు చాలా ఇష్టం. దాన్ని పురాణం అని పక్కన పెట్టెయ్యక్కర్లేదు, లెక్క చూడండి, చంద్రుడి మందోచ్చ, అంటే వాడి దారిలో మనకి అన్నిటికన్నా దూరంగా ఉండే చోటు, ఒక మహాయుగంలో, అంటే 43,20,000 ఏళ్ళలో, 4,88,203 సార్లు చుట్టి వస్తుందని ఇచ్చారు, భాగిస్తే ఒక చుట్టుకి 8.85 ఏళ్ళు, ఇప్పటి లెక్క కూడా అంతే. మంద అంటే నెమ్మది, ఉచ్చ అంటే ఎత్తు. దూరంగా ఉన్నప్పుడు నెమ్మదిగా కదులుతుంది అనే సంగతి ఆ పేరులోనే ఉంది. అపహేళి దూరాన్ని చెప్తుంది, మందోచ్చ వేగాన్ని చెప్తుంది. నిజంగానే భూమి జనవరిలో సెకనుకి 30.3 కిలోమీటర్లు వెళ్తే జూలైలో 29.3 కిలోమీటర్లే వెళ్తుంది.

ఆ ఒక్క కిలోమీటరు తేడా మన ఇంట్లో గోడకి వేలాడే పంచాంగంలో కూడా కనబడుతుంది, ఇది నాకు తెలిసినప్పుడు నేను కేలండర్ తీసి వేళ్ళ మీద లెక్కపెట్టుకున్నాను. ధనుర్మాసం డిసెంబర్ మధ్య నుంచి సంక్రాంతి దాకా, సరిగ్గా పరిహేళి చుట్టూ వస్తుంది. భూమి వేగంగా పోతోంది కాబట్టి సూర్యుడు ఆ రాశిని 29 రోజుల పైన కొన్ని గంటల్లోనే దాటేస్తాడు. అదే జూన్, జూలైల్లో మిథునం దాటడానికి 31 రోజులు దాటిపోతుంది. చాంద్రమాసం, అంటే అమావాస్య నుంచి అమావాస్య దాకా, ఏమో 29 రోజుల 12 గంటల పైన. కాబట్టి వేసవి వైపు ఒక చాంద్రమాసంలో సంక్రమణం, అంటే సూర్యుడు రాశి మారడం, అసలు పడకుండా పోవచ్చు, అది అధికమాసం, 2023 లో అధిక శ్రావణం అలాగే వచ్చింది. చలికాలం వైపు ఎప్పుడో అరుదుగా ఒకే చాంద్రమాసంలో రెండు సంక్రమణాలు పడిపోతాయి, అది క్షయమాసం. 1963-64 లో వచ్చింది, 1982-83 లో వచ్చింది, మా అమ్మకి ఆ రెండోది గుర్తుంది, పెళ్ళి ముహూర్తాల దగ్గర పెద్ద గొడవే అయిందంట. క్షయమాసం ఎప్పుడూ చలికాలం పక్కనే ఎందుకు వస్తుంది అంటే జవాబు పరిహేళి. ఇంత దగ్గరగా మన బతుకులో ఉన్న సంగతిని మనం వాట్సాప్‌లో వచ్చిన తప్పు పేరుతో పిలుస్తున్నాం, అదీ నా బాధ.

పిల్లలకి దీన్ని ఎలా చెప్పానో అదీ రాస్తాను, టీచర్లెవరైనా చదివితే పనికొస్తుంది. జూలైలో ఆషాఢ పౌర్ణమికి మన సింహాచలం గిరిప్రదక్షిణ ఉంటుంది కదా, 2025 లో జూలై 9 న వచ్చింది, ఆ ఏడు అపహేళి మన టైం ప్రకారం జూలై 4 న అర్ధరాత్రి దాటాక, అంటే అయిదారు రోజుల తేడాలో రెండు ప్రదక్షిణలు. 32 కిలోమీటర్లు, తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి అడవివరం, హనుమంతవాక మీదుగా అప్పుఘర్ దాకా వచ్చి, అక్కణ్ణుంచి వెంకోజీపాలెం, సీతమ్మధార వైపు తిరిగి మా కంచరపాలెం, మాధవధార, ఎన్ఏడీ, గోపాలపట్నం మీదుగా మళ్ళీ కొండకి. మా ట్యూషన్లో సగం మంది పిల్లలు వాళ్ళ అమ్మావాళ్ళతో నడిచినవాళ్ళే, మిగతావాళ్ళు మా రోడ్డు మీద మజ్జిగ, పులిహోర పంచినవాళ్ళు. నేను అడిగాను, నడుస్తున్నంతసేపూ అప్పన్న కొండ మీకు ఒకే దూరంలో ఉంటుందా అని. "లేదు మేడం, అడవివరంలో పక్కనే ఉంటది, అప్పుఘర్ దగ్గర సముద్రం వచ్చేస్తది, కొండ ఎక్కడో వెనక ఉండిపోద్ది" అన్నారు. మరి అదే. స్వామి దారికి నట్టనడుమ లేడు, ఒక పక్కకి ఉన్నాడు, చుట్టూ తిరిగే దారిలో ఒక చోటు దగ్గర, ఒక చోటు దూరం. దగ్గర చోటు పరి, దూరం చోటు అప. మన రోడ్డు వంకర టింకరగా ఉంటుంది, భూమి దారి నున్నగా ఉంటుంది, అంతవరకే పోలిక, కానీ పక్కకి ఉండడం అనేది వాళ్ళ కాళ్ళకి తెలిసిన సంగతి కాబట్టి మళ్ళీ మర్చిపోలేదు.

ఎందుకంటే పుస్తకాల్లో బొమ్మలు చూసి పిల్లలు భూమి దారి కోడిగుడ్డులా ఉంటుందనుకుంటారు. నిజంగా గీస్తే అలా ఉండదు. కంపాస్‌తో 15 సెంటీమీటర్ల వ్యాసార్థంతో వృత్తం గీసి, సూర్యుణ్ణి కేంద్రానికి రెండున్నర మిల్లీమీటర్లు పక్కకి పెట్టండి, అదే భూమి దారి. వృత్తం నొక్కుకుపోవడం అనేది పెన్సిల్ గీత మందంలోనే కలిసిపోతుంది, కంటికి కనబడేది సూర్యుడు పక్కకి జరగడం ఒక్కటే. చార్టు మీద పిల్లల చేత గీయించాను, గోడకి ఇంకా ఉంది. అన్నట్టు ఆ చార్టు మీద ఒక పిల్లాడు భూమి కక్ష అని రాశాడు, కక్ష అంటే పగ, దారి అయితే కక్ష్య, య వత్తు ఉండాలి, నడుముకి చుట్టుకునే పట్టీ అనేది ఆ మాటకి పాత అర్థం అని చెప్పి దిద్దించాను. పేపర్లలో కూడా ఈ తప్పు అప్పుడప్పుడూ చూస్తుంటాను.

ఇక ఆ ఫార్వర్డ్‌లో లెక్కలు. మామూలుగా సూర్యుడు 5 కాంతి నిమిషాల దూరంలో, 9 కోట్ల కిలోమీటర్లలో ఉంటాడంట, ఆల్ఫెలియన్ రోజున 15 కోట్ల 20 లక్షలకి వెళ్ళిపోతాడంట, 66 శాతం పెరుగుదల అంట. రెండో అంకె నిజమే, మొదటిది పూర్తిగా అబద్ధం. శుక్రుడే సూర్యుడికి 10 కోట్ల 80 లక్షల కిలోమీటర్ల దూరంలో ఉంటాడు, మనం 9 కోట్లలో ఉన్నామంటే శుక్రుడికన్నా లోపల ఉన్నట్టు, సముద్రం ఆవిరైపోయి ఉండేది. పరిహేళిలో 14 కోట్ల 71 లక్షలు, అపహేళిలో 15 కోట్ల 21 లక్షలు, తేడా 50 లక్షల కిలోమీటర్లు, 3 శాతం పైచిలుకు. వెలుగు రావడానికి జనవరిలో 8 నిమిషాల 11 సెకన్లు పడితే జూలైలో 8 నిమిషాల 27 సెకన్లు, పదహారు సెకన్ల తేడా. అందే ఎండలో 7 శాతం తేడా వస్తుంది, కానీ మన చలికాలం, ఎండాకాలం దానివల్ల కాదు, భూమి 23 డిగ్రీల పైన ఒరిగి ఉండడం వల్ల. విశాఖలో డిసెంబర్ చివర మధ్యాహ్నం సూర్యుడు 49 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు, పగలు 11 గంటలే. జూన్‌లో నెత్తి మీద ఉంటాడు, పగలు 13 గంటలు. భోగి మంట దగ్గర వణుకుతూ కూర్చున్నప్పుడే మనం సూర్యుడికి దగ్గరగా ఉన్నాం అని చెప్తే పిల్లలు ఒక నిమిషం నమ్మరు, తర్వాత ఎప్పటికీ మర్చిపోరు. ఎప్పుడూ ఇలాగే ఉండదు కూడా, పరిహేళి దాదాపు 58 ఏళ్ళకి ఒక రోజు చొప్పున ముందుకి జరుగుతోంది, పదివేల ఏళ్ళ తర్వాత అది జూలైకి వెళ్తుంది.

ఆ ఫార్వర్డ్ మా పిన్ని కూడా పంపింది, ఆవిడ మీద కోపం లేదు, పిల్లలకి జ్వరం వస్తుందేమోనని భయంతో పంపింది. అపహేళి అనే మాట ఆవిడకి తెలిసుంటే, హేళి అంటే సూర్యుడని తెలిసుంటే, ప్రతి ఏడూ వచ్చేదేగా అనుకుని ఊరుకునేది. తెలియని ఇంగ్లీషు పేరు పెట్టేసరికి అదేదో కొత్త ఉపద్రవంలా వినబడింది. అందుకే పేరు చిన్న విషయం కాదంటున్నాను.

ఇది మన ఊరికి సంబంధం లేని సంగతి అని కూడా అనుకోవద్దు. డాబా గార్డెన్స్‌లో గోడే వెంకట జగ్గారావు గారు 1840 లోనే సొంత ఖర్చుతో ఆకాశాన్ని చూసే వేధశాల కట్టించారు, టెలిస్కోపు పెట్టించారు. ఆయన తర్వాత అల్లుడుగారు అంకితం వెంకట నరసింగరావు గారు దాన్ని నడిపారు, 1874 డిసెంబర్ 9 న శుక్రుడు సూర్యబింబం మీంచి దాటడాన్ని ఇక్కణ్ణుంచే చూసి లెక్కలు రాసుకున్నారు. ప్రపంచమంతా ఆ రోజు దానికోసం ఎందుకు కాచుకుని కూర్చుందంటే, భూమికీ సూర్యుడికీ మధ్య దూరం సరిగ్గా తేల్చడానికి. అంటే మనం ఇప్పుడు పరిహేళికి ఇన్ని కోట్లు, అపహేళికి ఇన్ని కోట్లు అని రాసుకుంటున్న దూరం గురించి జగదాంబ జంక్షన్‌కి నాలుగడుగుల దూరంలో కూర్చుని ఒక విశాఖ ఆయన కష్టపడ్డారు. అంతకు ఆరేళ్ళ ముందు 1868 ఆగస్టు 18 సంపూర్ణ సూర్యగ్రహణాన్ని ఫ్రెంచి ఆయన జాన్సెన్ మన గుంటూరు వచ్చి చూశాడు, ఆ గ్రహణంలో సూర్యుడి అంచు వెలుగుని రంగులుగా విడదీసి చూస్తే కనబడిన పసుపుపచ్చ గీత గురించే ఇంగ్లండులో లాకియర్ ఆలోచించి, భూమ్మీద ఎవరూ ఎరగని ఆ వస్తువుకి హీలియం అని పేరు పెట్టాడు. అందులో ఉన్నదీ మన హేళే.

అందుకని మిమ్మల్ని కోరేది ఇంతే అండి. వచ్చే జనవరిలో ఆ వార్త వేసేటప్పుడు పరిహేళి అని వెయ్యండి, పక్కన హేళి అంటే సూర్యుడు అని ఒక్క ముక్క కలపండి, జూలైలో అపహేళి అని వెయ్యండి. భూమికే కాదు, 2024 డిసెంబర్ 24 న పార్కర్ ప్రోబ్ అనే వ్యోమనౌక సూర్యుడికి 61 లక్షల కిలోమీటర్ల దగ్గరకి వెళ్ళింది కదా, అదీ పరిహేళే. తోకచుక్కలకి కూడా ఇదే మాట. హేలీ తోకచుక్క అని రాస్తాం చూడండి, ఆ హేలీ ఇంగ్లండు ఆయన ఇంటిపేరు, మన హేళికి దానికి సంబంధం లేదు, పిల్లలు కలిపేసుకుంటారు కాబట్టి చెప్తున్నాను. అది 1986 ఫిబ్రవరి 9 న పరిహేళి దాటి, 2023 డిసెంబర్‌లో నెప్ట్యూన్ అవతల అపహేళికి చేరింది, అక్కడ సెకనుకి ఒక కిలోమీటరు కూడా నడవనంత నెమ్మది, మందోచ్చ అంటే ఏంటో చూడాలంటే దాన్నే చూడాలి. ఇప్పుడు వెనక్కి తిరిగి మన వైపు వస్తోంది. 2061 జూలై 28 న మళ్ళీ పరిహేళి. ఇది చెప్పగానే కాపీ కదా అని అడిగిన ఆ పిల్లాడే నోటు పుస్తకం వెనక పేజీలో వాడి వయసు లెక్కేసుకుని, ఆ తేదీ పక్కన పరిహేళి అని తెలుగులో రాసుకున్నాడు.

ఉత్తరం మొత్తం వెయ్యడానికి జాగా లేకపోతే మధ్యలో కత్తిరించుకోండి, పర్లేదు, ఆల్ఫెలియన్ తప్పు అనే ముక్కా, హేళికి అర్థం మాత్రం ఉంచండి. వేసిన రోజు పేపర్ ట్యూషన్లో పైకి చదివిస్తాను.

ఇట్లు,
ఒక ట్యూషన్ టీచర్,
కంచరపాలెం, విశాఖపట్నం.